తుడిచేయకండి, అది సాక్ష్యం
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ పూట మీతో ఒక సాక్షిని గురించి ముచ్చటించాలని వచ్చాను. ఈ సాక్షి మన ఇంట్లోనే ఉంటాడు. పొద్దున్నే అలారం మోగించి మనల్ని లేపుతాడు. వంట చేస్తుంటే స్టవ్వు పక్కనే పడి ఉంటాడు. రాత్రి దిండు కింద పడుకుంటాడు. అదేనండీ, మన సెల్లు ఫోను! పాల లెక్కా, పిల్లల స్కూలు కబురూ, అక్కచెల్లెళ్ల కష్టసుఖాలూ అన్నీ దానికే తెలుసు. కాని అందులో ఉన్నది రేపు కోర్టులో సాక్ష్యమవుతుందని మనలో చాలామందికి తట్టనే తట్టదు. పైగా ఏదైనా ఆపద వచ్చిన నాడు మనం మొట్టమొదట చేసే పని ఆ సాక్షి నోరు నొక్కడం. ఆ పొరపాటు నేనూ చేశాను. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత పోలీసులు ఈ సాక్షి చేత ఎలా మాట్లాడిస్తారో చెబుతాను.

మా పుట్టినూరు ఎడపల్లి. నిజామాబాదు నుంచి బోధనుకు పోయే దారిలో వస్తుంది. చెరకు పండే నేల. మా చిన్నమ్మ కూతురు ఆ ఊళ్లోనే కాపురం ఉంటుంది, ఇంట్లో మిషను కుట్టుకుంటుంది. కిందటేడు పిల్లవాడి ఫీజుకు డబ్బు తక్కువైతే, ఫోనులో కనిపించిన ఒక అప్పుల యాప్‌లో ఎనిమిది వేలు తీసుకుంది. చేతికి వచ్చింది ఐదు వేల చిల్లర మాత్రమే. వారం తిరిగేసరికి మొత్తం కట్టమన్నారు, కట్టింది. ఇంకా బాకీ ఉందన్నారు. యాప్ వేసుకునే రోజున "మీ ఫోనులోని పేర్లు చూడవచ్చా? ఫొటోలు చూడవచ్చా?" అని అడిగితే, చదవకుండానే సరే సరే అని నొక్కింది. మనమందరం అలాగే నొక్కుతాం గదా! ఒకనాటి మధ్యాహ్నం ఆ పిల్ల ఫొటోను చూడరాని బొమ్మగా మార్చి, కింద "దొంగ" అని రాసి, చుట్టాలు పదిమందికి పంపారు.

రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను చేసింది. "అక్కా, ఇగ నా మొహం ఎవరికి సూపెట్టాలె?" అని ఒకటే ఏడుపు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పెద్దదాన్ని గదా, ఏదో ఒకటి చెప్పాలి. "ముందు అవన్నీ తుడిచేయ్. యాప్ తీసేయ్. సిమ్ము విరగ్గొట్టి పారేయ్. మీ ఆయనకు తెలియకముందే ఆ పని చెయ్యి" అన్నాను. పాపం, నేను చెప్పినట్లే చేసింది. ఫోనును కొన్న నాటి స్థితికి తెచ్చేసింది. పెద్ద ఉపకారం చేశాననుకుని నేను నిద్రపోయాను.

మూడో రోజుకు సంగతి మా మరిదికి తెలియనే తెలిసింది. మేము ఎవరికి భయపడ్డామో ఆయనే, "దీంట్ల నువ్వు జేసిన తప్పేంది? పా, ఠాణకు పోదాం" అని వెంటబెట్టుకుని పోయాడు. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగాడట. బెదిరింపు ఏ నంబరు నుంచి వచ్చింది? డబ్బు ఏ ఖాతాకు పంపావు? ఆ ఫొటో ఏది? ఖాతా సంగతి బ్యాంకు నుంచి తెప్పించుకోవచ్చు. మిగతా రెండింటికీ దాని దగ్గర జవాబు లేదు. జవాబు ఉన్న ఫోనును నా మాట విని అదే తన చేతులతో ఖాళీ చేసింది.

అప్పుడు అడ్డుపడి మమ్మల్ని కాపాడినవాడు మా మేనమామ. ఆయనకు డెబ్బై దాటాయి. బోధను చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమాస్తాగా పనిచేసి దిగిపోయినవాడు. ఆ పాపిష్టి ఫొటో ఆయనకూ వచ్చింది. మిగతా చుట్టాలందరూ సిగ్గుతోనో, మంచితనంతోనో తుడిచేశారు. ఆయన మాత్రం తుడవలేదు. ఎందుకని అడిగితే, "తుడుసుడు నాకు రాదు బిడ్డా! అందుకని ఫోను బోర్లేసి అల్మారల పెట్టిన" అన్నాడు. ఆ అల్మారాలో నంబరుంది, తేదీ ఉంది, గంటా నిమిషమూ ఉన్నాయి, బొమ్మ ఉంది, దాని కింద రాసిన రాతా ఉంది. కేసుకు కాళ్లు వచ్చింది అక్కడినుంచే.

ఇక పోలీసులు ఏం చేస్తారో వినండి. దీనికి డిజిటల్ ఫోరెన్సిక్స్ అని పెద్ద పేరుంది. ఫోన్లలో, కంప్యూటర్లలో, కెమెరాలలో ఉన్న ఆనవాళ్లను చెడిపోకుండా తీసి, కోర్టు నమ్మేలాగా చూపించే విద్య అని అర్థం చేసుకుంటే చాలు. పల్లెటూరి ఠాణాలో దీనికి యంత్రాలేమీ ఉండవు. అక్కడ ఉండవలసింది జాగ్రత్త. మామ ఫోనును తీసుకున్నప్పుడు ఇద్దరు పంచుల ఎదుట పంచనామా రాశారు. ఏ కంపెనీ ఫోను, ఏ రంగు, ఎక్కడ గీత పడింది, ఏ సిమ్ము ఉంది, పదిహేను అంకెల ఐఎంఇఐ నంబరు ఎంత, అన్నీ రాశారు. గాలిలోంచి కొత్త కబుర్లు రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టారు. దూరాన ఉన్నవాడు అక్కడినుంచే ఫోనును చెరిపేసే ఉపాయాలున్నాయి గనుక ఆ జాగ్రత్త. సిగ్నలు చొరబడని ప్రత్యేకమైన సంచులు కూడా ఇందుకోసం ఉన్నాయి. ఆ పైన కవరులో పెట్టి, సీలు వేసి, అందరి చేతా సంతకాలు తీసుకున్నారు.

నిజామాబాదు కమిషనరేటుకు ఇప్పుడు సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషను ఉంది. రాష్ట్రం మొత్తానికి 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఏర్పడింది. లోతైన పరీక్ష అవసరమైతే సీలు వేసిన కవరు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాలకు వెళుతుంది. అక్కడివాళ్లు కంప్యూటరు డిస్కునైనా, మెమొరీ కార్డునైనా నేరుగా తెరిచి కెలకరు. చదవనిస్తుందే గాని రాయనివ్వని ఒక సాధనాన్ని మధ్యన పెట్టి, ముందుగా అచ్చుగుద్దినట్లు ఒక నకలు తీస్తారు. పరీక్షలన్నీ ఆ నకలు మీదనే. అసలు అసలుగానే ఉండిపోతుంది.

"నకలులో వాళ్లే ఏదైనా కలిపితే?" అని మీకు అనుమానం రావచ్చు. మా మామకూ వచ్చింది. దీనికి జవాబు హ్యాష్ విలువ అనే అంకెల వరుస. ఫోనులో ఉన్న మొత్తాన్ని ఒక లెక్కలో వేస్తే అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు వస్తుంది. ఎక్కువగా వాడే పద్ధతిలో అది అరవై నాలుగు అక్షరాల పొడవుంటుంది. తీసుకున్న నాడు ఒకసారి లెక్క కట్టి రాస్తారు. కోర్టులో మళ్లీ కడితే అదే రావాలి. లోపల ఒక్క చుక్క మారినా వరుసంతా మారిపోతుంది.

మామకు ఇది తేలిగ్గానే అర్థమయింది. "బండి గేటు కాడికి రాంగనే కాటా ఏసి చిట్టీ రాసెటోళ్లం. రైతు చేతిల ఒకటి, మా కాడ ఒకటి. నడుమ ఎవడన్న గుంజితే తూకం పట్టిస్తది. గని ఒక్క గడ గుంజితే కాటాకు తెల్వదు. మరి దీనికి తెలుస్తదా?" అని అడిగాడు. తెలుస్తుంది మామా, గడ కాదు, గడ మీది ఆకు గుంజినా తెలుస్తుంది అన్నాను. ఆయన చిట్టీలు రాసిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కాని "చిట్టీ లేనిది మాట చెల్లదు" అనే ఆయన పట్టుదల మాత్రం పోలేదు. ఫోను అప్పగించేటప్పుడు రసీదు ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. మీరూ అలాగే అడగండి సుమా!

వేలిముద్రలతో దొంగను పట్టే పద్ధతి మనకు కొత్త కాదు. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో మన కలకత్తాలోనే తెరిచారు. ఆ ముద్రలను వర్గాలుగా విడదీసి వెతికే విధానానికి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు ఎంతో శ్రమపడ్డారు. మనిషికి వేలిముద్ర ఎలాగో, ఫోనులోని సమాచారానికి ఈ హ్యాష్ అలాగన్నమాట.

మనుషులెవరూ చూడని చోట యంత్రం చూసిన సంఘటనలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. 2020 మే నెలలో వరంగల్లు దగ్గర గొర్రెకుంటలో ఒక బావిలోంచి తొమ్మిది శవాలు తీశారు. మొదట ఆత్మహత్యలేమో అనుకున్నారు. పోలీసులు చుట్టుపక్కల సీసీ కెమెరాల దృశ్యాలు, ఫోను వివరాలు ముందు పెట్టుకుని, ఆ రాత్రి ఎవరు ఎటు వెళ్లి ఎప్పుడు వచ్చారో కూర్చుకుంటూ పోయారు. కొద్ది రోజుల్లోనే నిందితుడు దొరికాడు. ఆ అక్టోబరులోనే వరంగల్లు కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది బెంగాలు నుంచి కూలికి వచ్చినవాళ్లు. వాళ్ల తరఫున చెప్పడానికి ఊళ్లో ఎవరున్నారు? కెమెరాలో పడిన దృశ్యాలే వాళ్ల పక్షాన నిలిచాయి.

అయితే కోర్టు ఊరికే నమ్మదు. ఈ విషయంలో 2020 జూలైలో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. అది మన నిజామాబాదు నుంచి నాందేడు మీదుగా పోయే రైలు మార్గంలోనే ఉన్న జాల్నా ఊరి తగాదా. అక్కడ 2014 ఎన్నికలో అర్జున్ ఖోత్కర్ నామినేషను పత్రాలు గడువు దాటక ముందు ఇచ్చారా, దాటాక ఇచ్చారా అని వివాదం. ఎన్నికల అధికారి గదిలోని కెమెరా దృశ్యాలే ఆధారం. వాటి నకళ్లు ఇచ్చారు గాని, చట్టం కోరే ధ్రువపత్రం జతచేయలేదు. అప్పుడు సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: నకలు ఇస్తే ధ్రువపత్రం ఉండి తీరాలి. అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టుకు తెచ్చి, ఇది నాదే, ఇందులోనే ఉంది అని చెబితే ఆ పత్రం అక్కరలేదు.

ఇప్పుడు 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులో ఉంది. దాని 63వ సెక్షను కింద ఇచ్చే ధ్రువపత్రంలో రెండు భాగాలున్నాయి. ఒకటి పరికరం ఎవరి దగ్గరుందో వారు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. ఇందాక చెప్పిన హ్యాష్ విలువ కూడా అందులో రాయాలి. ఇదంతా వకీళ్లు చూసుకుంటారు. మనకు కావలసింది ఇంతే: చేతులు మారిన నకలు కంటే మొదట కబురు వచ్చిన ఫోనే గట్టి సాక్ష్యం.

మరి తుడిచేసినదాన్ని ప్రయోగశాలవాళ్లు తిరిగి తీయలేరా? కొన్నిసార్లు తీయగలరు. పచ్చడి జాడీ మీది చీటీ చించేసినంత మాత్రాన లోపలి పచ్చడి పోదు గదా! చాలా పరికరాల్లో తుడవడం అంటే ముందుగా చీటీ చించడమే. ఆ జాడీలో మరొకటి నింపేదాకా పాతది అడుగున ఉంటుంది. కాని ఈ మధ్య వచ్చే ఫోన్లు సమాచారమంతటికీ తాళం వేసి దాచుతాయి. ఫోనును పూర్తిగా ఖాళీ చేస్తే ఆ తాళంచెవే పోతుంది. అప్పుడు ఎంత నిపుణుడైనా చేసేది తక్కువ. మా చెల్లెలి ఫోను విషయంలో అదే జరిగింది. "పోలీసులు ఎలాగూ తీస్తారులే" అనే ధైర్యం పెట్టుకోకండి.

ఈ విద్యకు హద్దులూ ఉన్నాయి. ఫోను కంపెనీ ఇచ్చే జాబితాలో ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంతసేపు చేశారో, ఏ టవరు కింద ఉన్నారో ఉంటుంది. ఏం మాట్లాడుకున్నారో ఉండదు. టవరు చెప్పేది ప్రాంతమే గాని ఇంటి నంబరు కాదు. పల్లెల్లో ఒక టవరు కింద ఎన్నో ఊళ్లుంటాయి. అదీగాక, ఫలానా ఫోను నుంచి వెళ్లింది అని యంత్రం చెబుతుంది. ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో పోలీసులు వేరే రుజువు చేయాలి. అందుకే కేసులకు కాలం పడుతుంది. మా చెల్లెలి కేసు ఇంకా నడుస్తూనే ఉంది. కాని ఆ బెదిరింపులు ఆగిపోయాయి. అది మళ్లీ తలెత్తుకుని మిషను ముందు కూర్చుంటున్నది.

ఇప్పుడు ఆడవాళ్లకు వచ్చే అసలు సందేహం. "మరి నా ఫోను ఇచ్చేస్తే అందులోని నా సొంత ఫొటోలూ, మాటలూ అందరూ చూస్తారు గదా?" ఈ భయం ఉత్తది కాదు. ఫోను పరీక్షకు వెళితే కేసుకు సంబంధం లేనివి కూడా పరీక్షించేవారి కంట పడవచ్చు. అందుకని ఫిర్యాదు చేసేటప్పుడే మహిళా అధికారి కావాలని అడగండి. ఏయే సందేశాలు కేసుకు చెందినవో మీరే చూపించి, వాటి తేదీలు ఫిర్యాదులో రాయించండి. ఫోను ఇచ్చేముందు బ్యాంకు పిన్ను మార్చుకోండి. కేసు తేలేదాకా ఫోను పోయినట్లే అనుకోనక్కరలేదు. కోర్టును అడిగి మధ్యలోనే తిరిగి తెచ్చుకునే వీలు చట్టంలో ఉంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఆడవాళ్లకూ పిల్లలకూ సంబంధించిన అసభ్య చిత్రాల మీద పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. కాకపోతే పేరు చెప్పి ఇస్తేనే దర్యాప్తు ముందుకు సాగడం తేలిక.

ఇంకొక మంచి మాట. ఇందాకటి హ్యాష్ విద్యనే ఆడవాళ్ల రక్షణకు వాడుకుంటున్నారు. స్టాప్ ఎన్‌సీఐఐ అని 2021లో మొదలైన ఒక సదుపాయం ఉంది. మీ అనుమతి లేకుండా ఎవరైనా మీ ఫొటోను బయట పెడతారని భయముంటే, మీ ఫోనులోనే ఆ ఫొటోకు ముద్ర కట్టి, ఆ ముద్రను మాత్రమే తీసుకుంటారు. ఫొటో మీ ఫోను దాటదు. ఇందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సంస్థలు ఆ ముద్రకు సరిపోయే బొమ్మ కనబడితే ఆపుతాయి. పద్దెనిమిదేళ్లు దాటినవారికి ఇది. పిల్లల కోసం టేక్ ఇట్ డౌన్ అని వేరే ఉంది.

ఇక ఇవాళే గుర్తుపెట్టుకోవలసినవి చెప్పి ముగిస్తాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

బెదిరింపు వస్తే తుడవకండి, జవాబివ్వకండి, ఫోనును ఖాళీ చేయకండి. నంబరూ, తేదీ, సమయమూ కనబడేలాగా తెరను ఫొటో తీసుకోండి. దాన్ని కత్తిరించకండి, గుంపులకు పంపకండి. మీ మీద అలాంటి ఫొటో చుట్టాలకు పోతే, "తుడిచేయండి" అని బతిమాలకండి. "ఎవరికీ పంపకండి, కాని తీసేయకండి" అని ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులకు చెప్పండి.

డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఖాతాను నిలిపే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదును ఏ ఠాణాలోనైనా ఇవ్వవచ్చు. మాది ఈ పరిధి కాదని తిప్పి పంపకూడదని కొత్త చట్టంలోనే ఉంది.

ఇంటి ముందు కెమెరా ఉంటే దాని గడియారం సరిగా ఉందో లేదో నెలకొకసారి చూడండి. పది నిమిషాలు తేడా ఉన్నా కోర్టులో చిక్కే. కెమెరా పెట్టెలో చోటు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి. కాబట్టి వీధిలో ఏదైనా జరిగితే వారం పది రోజులు ఆలోచిస్తూ కూర్చోకండి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే మీ ఫోను ఐఎంఇఐ నంబరు కనబడుతుంది. దాన్ని పాల లెక్కల పుస్తకం అట్ట లోపల రాసి ఉంచండి. ఫోను పోయిన నాడు అదే మీకు ఆధారం.

అప్పు కావలసివస్తే, ఫోనులోని పేర్లూ ఫొటోలూ అడిగే యాప్ జోలికి పోకండి. అప్పులిచ్చే యాప్‌లు వాటిని ముట్టుకోరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. అడుగుతున్నదంటే అది మన మంచికి వచ్చింది కాదు.

చివరగా ఒక్క మాట. రాత్రిపూట మీ చెల్లెలో, కూతురో, పక్కింటి అమ్మాయో ఏడుస్తూ ఫోను చేస్తే, నేను చెప్పినట్లు చెప్పకండి. "తప్పు నీది కాదు. ఏదీ తుడవకు. నేను వస్తున్నాను, పొద్దున్నే కలిసి పోదాం" అనండి. నేను ఆ రాత్రి అనవలసిన మాట అది. మా మేనమామ ఇప్పుడు మనుమరాలి దగ్గర తుడవడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నా, "ఏది తుడవాలన్న ముంగట నిన్ను అడిగి తుడుస్త బిడ్డా" అంటాడు.